సింబల్స్ మోయడానికి మంచి ప్యాడింగ్ బ్యాగు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్రమ్ సెట్టులోని గుండ్రని లోహపు పళ్లాలను, అంటే సింబల్స్‌ను, కొనేముందు నెలల తరబడి ఒక్కొక్కటీ మోగించి చూసేవారు కూడా, వాటిని మోసే బ్యాగు దగ్గరికి వచ్చేసరికి రంగు నచ్చితే చాలనుకుంటారు. కింది ప్రశ్నలన్నీ ఆ రెండో కొనుగోలు గురించి. జవాబుల్లో ‘అంచు’ అనే మాట విసుగు పుట్టేంతగా వస్తుంది. తప్పదు, బ్యాగు మంచిచెడ్డలు తేలేది అక్కడే.

రోజూ కర్రలతో బాదే వస్తువే కదా, దానికి మెత్తని బ్యాగు ఎందుకు?

స్టాండు మీద ఉన్న సింబల్‌కు దెబ్బ తగిలితే అది ఊగుతుంది, కంపిస్తుంది. దెబ్బలోని శక్తి లోహమంతటా పరుచుకుని శబ్దంగా బయటికి పోతుంది. బ్యాగులో ఆ అవకాశం లేదు. అక్కడ సింబల్ అంచు మీద నిలబడి ఉంటుంది. బ్యాగును నేలమీద కాస్త గట్టిగా దించారంటే లోపలి బరువంతా అంచులో ఒక అంగుళం మేర మీదే పడుతుంది. పల్చని క్రాష్ సింబల్‌కు (ఒక్క దెబ్బతో గట్టిగా మోగించేదానికి) ఆ అంచు మందం ఇంచుమించు ఒక మిల్లీమీటరు.

లోహం స్వభావం కూడా తోడవుతుంది. పేరున్న సింబల్స్‌లో చాలావాటిని బి20 అనే కంచుతో చేస్తారు. అందులో 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. తగరం పెరిగేకొద్దీ కంచు గట్టిపడుతుంది, పెళుసుబారుతుంది కూడా. బి8లో తగరం 8 పాళ్లే కాబట్టి అది కాస్త సాగుతుంది, వంగుతుంది. బి8 అంటే నాసిరకం అని కొందరు కొట్టిపారేస్తారు గానీ, పైస్టీ కంపెనీకి ఎంతో పేరు తెచ్చిన ‘2002’ అనే శ్రేణి ఆ మిశ్రమంతో చేసిందే. నేర్చుకునేవారికి ఇచ్చే ఇత్తడి సింబల్స్ ఇంకా మెత్తన, అవి పగలడానికి ముందే వంగిపోతాయి. ఏ లోహమైనా సరే, అంచున పడ్డ చిన్న గాటును చిన్నదని వదిలేయడానికి లేదు. తర్వాత వాయించిన ప్రతిసారీ ఒత్తిడి ఆ గాటు మొన దగ్గర పోగుపడి పగులును లోపలికి నడిపిస్తుంది.

బ్యాగులో మొట్టమొదట చూడవలసింది ఏమిటి?

అడుగుభాగం. ఇంకేదైనా దాని తర్వాతే.

దుకాణంలో అందరూ బ్యాగు ముందువైపు బొటనవేలితో నొక్కి చూస్తారు. అక్కడ మెత్తగా తగిలితే సంతోషపడతారు. సింబల్‌కు పక్కల నుంచి వచ్చే ప్రమాదం తక్కువ. బ్యాగును నిలబెట్టినప్పుడు నేలకు తాకే వంపు ఉంటుంది కదా, నొక్కి చూడవలసింది దాన్ని. జిప్పు తెరిచి చెయ్యి లోపలికి పెట్టి, ఆ వంపు వెంట వేళ్లు నడిపించండి. పక్కల ఉన్న ఫోము అక్కడిదాకా వచ్చి కుట్టు దగ్గర ఆగిపోయిందా, లేక వంపు చుట్టూ విడిగా మరో పట్టీ ఉందా? చాలా బ్యాగుల్లో రెండు గుండ్రని పలకలను కలిపే చోట ఫోము ఉండదు. రెండు పొరల గుడ్డ, ఒక కుట్టు మాత్రమే ఉంటాయి. సింబల్ అంచు సరిగ్గా ఆ కుట్టు మీదే కూర్చుంటుంది. కొన్నాళ్లకు దారాలు తెగుతాయి, ఆ తర్వాత నేలకూ కంచుకూ మధ్య ఏమీ మిగలదు.

మంచి బ్యాగు అడుగున మూడు పొరలు కనిపిస్తాయి. నేలకు తాకే చోట రబ్బరు గానీ అరగని మందపాటి గుడ్డ గానీ, దానిపైన కాస్త బిగువైన ప్లాస్టిక్ పట్టీ, ఆపైన గట్టి ఫోము. ప్లాస్టిక్ పట్టీ పని, ఒక్కచోట పడే బరువును నలువైపులా పంచడం. ఫోము పని, దెబ్బను మింగడం. ఒకదాని పని మరొకటి చేయలేదు. వట్టి ఫోము ఉన్న అడుగును సింబల్ అంచు కత్తిలా కోసుకుంటూ పోతుంది. ఫోములో సన్నని గాడి పడిందంటే అక్కడ రక్షణ అయిపోయినట్టే.

ఫోము ఎంత మందం ఉండాలి? 10 మిల్లీమీటర్లా, 20 మిల్లీమీటర్లా?

మందం ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే. గాలితో నిండిన వదులు స్పాంజి 20 మిల్లీమీటర్లున్నా బరువు పడగానే అణిగి కాగితమంత అవుతుంది. దట్టమైన ఫోము 10 మిల్లీమీటర్లు చాలు, మెరుగ్గా కాపాడుతుంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని గట్టిగా నొక్కండి. వేళ్లు ఒకదానికొకటి తగిలినట్టు అనిపిస్తే అది అలంకారానికి పెట్టిన ఫోము. నొక్కుతుంటే ఎదురు తిరిగి, వదలగానే వెంటనే పాత ఆకారానికి వస్తే అది పనికొచ్చే రకం.

ఫోములో గాలి గదులు మూసి ఉన్న రకం, తెరిచి ఉన్న రకం అని రెండు ఉన్నాయి. పాత్రలు తోమే స్పాంజి తెరిచి ఉన్న రకం, నీళ్లు పీల్చుకుంటుంది. కొన్ని యోగా చాపల్లో వాడే ఈవీఏ, సామాను ప్యాకింగులో వాడే పాలిథిలీన్ ఫోము మూసి ఉన్న రకాలు. సింబల్ బ్యాగుకు ఇవే తగినవి. దెబ్బను బాగా తట్టుకుంటాయి, తేమను దాచుకోవు. కొనేటప్పుడు అమ్మేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు. అయినా అడగండి.

పక్కలకు 10 నుంచి 15 మిల్లీమీటర్లు, అడుగున అంతకు రెట్టింపు ఉన్న బ్యాగు, అంతటా 20 మిల్లీమీటర్లున్న బ్యాగు కంటే మేలని నా అభిప్రాయం.

ఏ సైజు తీసుకోవాలి?

మీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద సింబల్ ఏదో చూడండి. చాలామందికి అది రైడ్, అంటే తాళం నడపడానికి ఎడతెగక వాయించే పెద్ద సింబల్. రైడ్ ఎక్కువగా 20 నుంచి 22 అంగుళాలు ఉంటుంది. అందుకే అమ్మకానికి వచ్చే బ్యాగుల్లో 22 అంగుళాలవే ఎక్కువ. 22 అంగుళాలంటే 55.9 సెంటీమీటర్లు, 24 అంగుళాలంటే 61 సెంటీమీటర్లు.

చీటీ మీద 22 అని రాసి ఉన్నంత మాత్రాన 22 అంగుళాల సింబల్ హాయిగా పడుతుందని నమ్మకండి. కొందరు తయారీదారులు బయటి కొలత రాస్తారు, కొందరు లోపలిది. వీలైతే సింబల్‌నే వెంట తీసుకెళ్లి పెట్టి చూడండి. జిప్పు మూసేటప్పుడు అది సింబల్ అంచును ఒరుసుకుంటూ పోతే ఆ బ్యాగు చిన్నది. చుట్టూ ఒక వేలు దూరేంత ఖాళీ ఉంటే సరిపోతుంది.

ముందు జాగ్రత్తగా 24 అంగుళాలది కొని అందులో 20 అంగుళాల రైడ్ వేసుకుందామనే ఆలోచన అంత మంచిది కాదు. ఖాళీ ఎక్కువైతే నడిచే ప్రతి అడుగుకూ సింబల్స్ లోపల పక్కలకు దొర్లుతాయి, అడుగున ఒకేచోట కాకుండా అంతటా గీసుకుంటాయి. పెద్ద రైడ్ కొనే ఆలోచన ఖాయంగా ఉంటే తప్ప పెద్ద బ్యాగు వద్దు.

లోపల అరలు ఎన్ని ఉండాలి?

సింబల్‌కు ఒక అర చొప్పున ఉంటే మంచిది. ఒక అరలో రెండు ఉండడం సర్దుబాటు. మూడు పెట్టారంటే మీరు బ్యాగు కొన్నది మోయడానికే, కాపాడడానికి కాదు.

అరల విషయంలో లెక్క కంటే నాణ్యత ముఖ్యం. కొన్ని బ్యాగుల్లో అరల పేరుతో పల్చని నైలాన్ గుడ్డ వేలాడదీస్తారు. అది గీతలు పడకుండా ఆపుతుంది, దెబ్బను ఆపదు. అర గోడలో కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఫోము, దానిమీద నూలు పోగులు లేవని మెత్తని అస్తరు ఉండాలి. అర గోడ అడుగుదాకా దిగిందో లేదో చూడండి. గోడ సగంలో ఆగిపోతే పైన విడివిడిగా ఉన్న సింబల్స్ కింద, అసలు బరువు పడే చోట, ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి. చూసేవారికి పైభాగమే కనిపిస్తుంది కాబట్టి ఈ లోపం ఎక్కువ బ్యాగుల్లో దాగిపోతుంది.

విడదీసి మళ్లీ అతికించే అరలు ఉన్న బ్యాగులూ దొరుకుతాయి. వెల్‌క్రో పట్టు గట్టిగా ఉన్నంతకాలం బాగుంటాయి. వెల్‌క్రో గరుకువైపు సింబల్‌కు తగలకుండా ఉందా అన్నది చూసుకోవాలి.

హై-హ్యాట్ల జతకు వేరే అర ఉండాలా?

ఉంటే మంచిది. హై-హ్యాట్లంటే స్టాండు మీద ఎదురెదురుగా బిగించి, కాలితో కలుపుతూ వాయించే రెండు సింబల్స్. వాటి 14 అంగుళాల జతను పెద్ద అరలో వేస్తే అది అడుగుకు జారి, రైడ్ కింది అంచు దగ్గర ఇరుక్కుంటుంది. బయటివైపు విడిగా జేబులాంటి అర ఉన్న బ్యాగులు ఇందుకే వచ్చాయి. అయితే ఆ బయటి జేబుకు కూడా అడుగున ఫోము ఉండాలి. చాలాచోట్ల ఉండదు. రెండు హై-హ్యాట్ల మధ్య ఒక మెత్తని గుడ్డ తప్పనిసరి. వాయించేటప్పుడు ఎలాగూ తగులుకుంటాయి కదా అనకండి. స్టాండు మీద అవి సరిగ్గా ఎదురెదురుగా కలుస్తాయి, బ్యాగులో ఒకదాని అంచు మరొకదాని మీద గీసుకుంటుంది.

600 డెనియర్, 1680 డెనియర్ అని రాస్తారు. ఆ అంకెకు అర్థం ఏమిటి?

9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. అంకె పెరిగితే దారం లావు. 600 డెనియర్ పాలిస్టర్ మామూలు వాడకానికి చాలు. వారానికి నాలుగైదుసార్లు బయటికి తీసేవారికి 1000 పైన ఉన్న గుడ్డ నయం. ఒకే లావు దారంలో నైలాన్ ఒరిపిడిని పాలిస్టర్ కంటే బాగా తట్టుకుంటుంది. ఎండకు రంగు, బలం పోకుండా నిలబడడంలో పాలిస్టర్‌ది పైచేయి. గుడ్డ లోపలివైపు పూత ఉందో లేదో చూడండి. పూత పొలుసులుగా రాలుతుంటే ఆ బ్యాగు దుకాణంలోనే ముసలిదైంది.

కానీ గుడ్డ చిరిగి పాడైన సింబల్ బ్యాగులు అరుదు. పాడయ్యేవి కుట్లు, జిప్పులు, పిడులు.

జిప్పు విషయంలో చూడవలసినవి?

జిప్పులకు అంకెలుంటాయి: 5, 8, 10 అని. మూసినప్పుడు పళ్ల వరుస ఇంచుమించు ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందో ఆ అంకె చెబుతుంది. సింబల్ బ్యాగుకు 8 గానీ 10 గానీ ఉండాలి. చేతిసంచీలకు వేసే 5 ఇక్కడ నిలవదు. గుండ్రని బ్యాగు కాబట్టి జిప్పు వంపు తిరగాలి. నైలాన్ చుట్టలతో చేసిన జిప్పు వంపుల్లో సాఫీగా నడుస్తుంది. ఇనుప పళ్ల జిప్పు చూడడానికి బలంగా ఉన్నా సింబల్‌ను తీసే ప్రతిసారీ దాని మీద గీత గీస్తుంది. లోపలివైపు జిప్పును కప్పే గుడ్డ రెక్క ఉంటే ఆ బెడద తగ్గుతుంది.

జిప్పు ఎంతవరకు తెరుచుకుంటుందో కూడా చూసుకోండి. చుట్టుకొలతలో సగానికి తక్కువ తెరుచుకునే బ్యాగులోంచి పెద్ద రైడ్‌ను బయటికి లాగడం ఒక కుస్తీ. మూడింట రెండు వంతులు తెరుచుకుంటే సుఖం. రెండు స్లైడర్లు ఉంటే ఒకటి మొరాయించిన రోజున రెండోది ఆదుకుంటుంది. దుకాణంలో ఖాళీ బ్యాగు జిప్పు వేసి చూసి లాభం లేదు. బ్యాగు నింపి, ఒక్క చేత్తో వేసి చూడండి.

బరువు ఎంత అవుతుంది? భుజాన మోయగలమా?

లెక్క వేసుకుందాం. 14 అంగుళాల హై-హ్యాట్ల జత రెండు నుంచి రెండున్నర కిలోలు. 16 అంగుళాల క్రాష్ కిలోకు అటూఇటూ, 18 అంగుళాలది ఒకటిన్నర దగ్గర. 20 నుంచి 22 అంగుళాల రైడ్ రెండు నుంచి మూడు కిలోలు. ఒక స్ప్లాష్ (చిన్న సింబల్), ఒక చైనా (అంచు వెనక్కి తిరిగినది) కూడా ఉంటే మరో ఒకటిన్నర, రెండు. మొత్తం ఎనిమిది నుంచి పది కిలోలవుతుంది. మంచి బ్యాగు తానే రెండు మూడు కిలోలుంటుంది.

ఈ బరువును ఒకే పట్టీతో ఒక భుజానికి తగిలించుకుని నడిచేవారు చాలామంది కనిపిస్తారు. చేతులతో, భుజాలతో బతికే వాద్యకారులు వాటినే ముందుగా అరగదీసుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం. వీపున వేసుకునే రెండు పట్టీల బ్యాగు తీసుకోండి. పట్టీలు నాలుగు వేళ్ల వెడల్పు ఉండాలి, లోపల ఫోము ఉండాలి. ఛాతీ దగ్గర రెండు పట్టీలను కలిపే చిన్న పట్టీ ఉంటే బ్యాగు పక్కలకు ఊగదు. పట్టీలు బ్యాగుకు కలిసే చోట చతురస్రంలో గుణకారం గుర్తు (X) ఉన్న కుట్టు కనిపించాలి. ఒకే వరుస కుట్టు ఉంటే ఒకనాడు అది తెగుతుంది, బ్యాగు వీపు ఎత్తు నుంచి నేరుగా తన అంచు మీద పడుతుంది.

పొట్టిగా ఉన్నవారు కొనేముందు తప్పక వీపున వేసుకుని నాలుగడుగులు నడిచి, మెట్లు ఎక్కిదిగి చూడాలి. 24 అంగుళాల బ్యాగు కింది అంచు దిగేటప్పుడు వెనక మెట్టుకు తగులుతుంది.

చక్రాల బ్యాగు మేలు కదా?

నున్నని నేల మీద మేలే. స్టేషన్లు, విమానాశ్రయాలు, పెద్ద హాళ్లు దాని రాజ్యం. గతుకుల దారిలో మాత్రం చిన్న చక్రాల అదురు అంతా నేరుగా సింబల్ అంచులకే చేరుతుంది. చక్రాలు బిగించిన అడుగు గట్టి ప్లాస్టిక్ పలకై, దానిమీద దళసరి ఫోము ఉన్నదైతేనే తీసుకోండి. చక్రాల గూడు లోపలికి పొడుచుకొచ్చి, సింబల్ అంచు దానిమీద ఆనుతుంటే వద్దు. చక్రాలతో పాటు వీపు పట్టీలు కూడా ఉన్నవి దొరుకుతాయి, బరువు ఎక్కువ. మెట్లు ఎక్కువగా ఎక్కేవారికి చక్రాలు మోత తప్ప మరేమీ కాదు.

బ్యాగు కంటే గట్టి పెట్టె మంచిదా?

సింబల్స్ మీ చేతిలో, మీ వాహనంలో ప్రయాణం చేస్తే మెత్తని బ్యాగు చాలు. వేరేవాళ్లు ఎత్తి వేరేవాళ్లు దించే చోట, లారీలో సామాను మీద సామాను పేర్చే చోట, గట్టి పెట్టె కావాలి. మంచి పెట్టెల్లో మధ్యన ఒక కడ్డీ ఉంటుంది. సింబల్స్‌ను వాటి నడిమి రంధ్రంలోంచి దానికి గుచ్చి, మధ్యమధ్య మెత్తని పలకలు వేసి బిగిస్తారు. అప్పుడు అంచులు దేనికీ తగలకుండా గాలిలో ఉంటాయి. అంచుకు అంతకంటే కావలసింది లేదు.

కడ్డీ లేని వట్టి ప్లాస్టిక్ పెట్టెలో వదులుగా వేసిన సింబల్స్‌కు మాత్రం మంచి బ్యాగులోని సింబల్స్ కంటే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. పెట్టె బయట చెక్కుచెదరదు, లోపల ఏం జరిగిందో తెరిస్తే గానీ తెలియదు.

విమానంలో వెంట తీసుకెళ్లవచ్చా?

నియమం విమాన సంస్థను బట్టి మారుతుంది, ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. క్యాబిన్ సామానుకు చాలా సంస్థలు పెట్టే పరిమితి సుమారు 55 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు. ఇక్కడ చిక్కు సింబల్ గుండ్రంగా ఉండడం వల్ల వస్తుంది. పొడవెంతో వెడల్పూ అంతే. 16 అంగుళాల క్రాష్ ఒక్కటే 40.6 సెంటీమీటర్లు. కాబట్టి కాగితం మీది లెక్క ప్రకారం క్రాష్ పట్టే ఏ బ్యాగూ క్యాబిన్‌కు సరిపోదు. పల్చగా ఉంటుందని, పైన అరలో పడుకోబెట్టవచ్చని సిబ్బంది ఒప్పుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి, ఒప్పుకోనివీ ఉన్నాయి. హక్కు అనుకుని వెళ్లకండి.

చెక్-ఇన్ సామానుకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు అనే పరిమితి ఎక్కువ సంస్థల్లో ఉంది. 22 అంగుళాల బ్యాగు దాని లోపలే ఉంటుంది. మెత్తని బ్యాగును అలాగే అప్పగించవద్దు. కడ్డీ ఉన్న గట్టి పెట్టె లేకపోతే, పెద్ద సూట్‌కేసులో చుట్టూ బట్టలు కుక్కి అందులో పెట్టండి. తనిఖీలో దట్టమైన లోహం కనిపించి తెరవమనవచ్చు, సులభంగా తీసి పెట్టగలిగేలా సర్దుకోండి.

సింబల్స్‌ను ఏ వరుసలో పెట్టాలి?

అన్నిటికంటే పెద్దది, బరువైనది మీ వీపు వైపు. అక్కడి నుంచి బయటికి చిన్నవి. బరువు వీపుకు దగ్గరగా ఉంటే బ్యాగు వెనక్కి లాగదు. గుబ్బలన్నీ, అంటే సింబల్స్ నడిమి ఉబ్బులన్నీ, ఒకే దిక్కుకు ఉండాలి. అప్పుడు ఒకదాని ఉబ్బు పక్కదాని పల్లంలో ఒదిగి, తక్కువ చోటు పడుతుంది. గుబ్బలు ఎదురెదురుగా పెడితే రెండు ఉబ్బులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, జిప్పు మూతపడదు.

బ్యాగును కారులో పడుకోబెట్టవచ్చు, పైన ఏ బరువూ లేకపోతేనే. పైన బాస్ డ్రమ్ పెడల్‌నో, స్టాండ్ల సంచినో పెట్టడం అన్నిటికంటే తరచుగా కనిపించే తప్పు. నిలబెడితే పక్కకు ఒరగకుండా సీటుకు ఆనించి పట్టీ వేయండి.

చైనా, స్ప్లాష్, రివెట్లు ఉన్న సింబల్స్ సంగతి?

చైనా సింబల్ అంచు వెనక్కి తిరిగి ఉంటుంది, అది దేనితోనూ ఒదగదు. దాన్ని చివరి అరలో, బయటివైపు పెట్టండి. డ్రమ్ సెట్టు సింబల్స్‌కు లోతైన బ్యాగు ఎంచుకోవడానికి చైనా ఒక్కటే తగిన కారణం. రివెట్లు (రంధ్రాల్లో వదులుగా గుచ్చిన లోహపు మేకులు) ఉన్న సింబల్‌కు తప్పనిసరిగా సొంత అర ఉండాలి, లేదా దిండు గలీబులో దూర్చండి. లేకపోతే పక్కనున్న దాని మీద అవి వలయాలు గీసి పెడతాయి. స్ప్లాష్‌లు 8, 10 అంగుళాలవి, తేలిక. హై-హ్యాట్ల అరలోనే ఒక గుడ్డ అడ్డం వేసి పెట్టవచ్చు.

కర్రలు, నట్లు, డ్రమ్ కీ కూడా అదే బ్యాగులో వేయవచ్చా?

బయటి జేబులో డ్రమ్ కీ, ఫెల్టు బిళ్లలు, రెక్క నట్లు, హై-హ్యాట్ క్లచ్ వేసుకోండి. సింబల్స్ ఉన్న అరల్లో ఇనుప వస్తువు ఏదీ ఉండకూడదు. కర్రల జత ఒకటి రెండు పరవాలేదు. పన్నెండు జతల కర్రలు బయటి జేబులో కుక్కితే వాటి మొనలు ముందున్న సింబల్ మీద ఒత్తుతాయి. కర్రలకు వేరే సంచి ఉండడమే సుఖం.

అంచున చిన్న గాట్లు కనిపిస్తున్నాయి. వాయించడం వల్లనా, మోయడం వల్లనా?

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. గోరు కొనతో అంచు చుట్టూ నెమ్మదిగా తడమండి. ఒకే ఒక్క చోట అంచు ఒక పక్కకు మడత పడినట్టు, చిన్న పన్ను ఊడినట్టు తగిలితే అది పడడం వల్లనో, గట్టిగా దించడం వల్లనో వచ్చింది. బ్యాగు అడుగును అనుమానించండి. అంచు నుంచి లోపలికి వెంట్రుకలాంటి గీత సాగితే అది కంపనంతో పెరిగిన పగులు. దానికి మొదలు పాత గాటైనా కావచ్చు, సింబల్‌ను మరీ బిగించి వాయించడమైనా కావచ్చు. నడిమి రంధ్రం ఒక పక్కకు అరిగి తాళంచెవి రంధ్రంలా సాగితే అది స్టాండు తప్పు. అక్కడ కడ్డీకి తొడిగిన ప్లాస్టిక్ గొట్టం అరిగిపోయి లోహానికి లోహం రాసుకుంటోంది. స్టాండు చేసిన నేరానికి బ్యాగును మార్చేవారు కూడా ఉన్నారు.

మడత పడిన చిన్న గాటును పనితెలిసినవారి చేత నున్నగా అరగదీయిస్తే పగులుగా మారే అవకాశం తగ్గుతుంది. ఇప్పటికే పగిలిన సింబల్‌ను మోయవలసి వస్తే పగులు మీద టేపు అంటించండి. పగులు పెదవులు పదునుగా ఉంటాయి, అర గోడల్ని కోస్తాయి.

వాన, తేమ, చిలుము?

‘నీటిని తట్టుకుంటుంది’ అని రాసి ఉన్న బ్యాగు చిరుజల్లును తట్టుకుంటుంది. జోరు వానలో జిప్పు పళ్ల నుంచి, కుట్టు రంధ్రాల నుంచి నీరు దిగుతుంది. మడిచి పెట్టుకునే వాన తొడుగు ఉంటే మంచిదే.

కంచుకు వాన కంటే ఎక్కువ హాని, తడిసిన బ్యాగులో మూసి ఉంచడం వల్ల జరుగుతుంది. చెమట చేతుల ఉప్పు, తేమ కలిస్తే రాగి ఉన్న లోహం మీద ఆకుపచ్చని చిలుము పడుతుంది. వాయించాక పొడిగుడ్డతో తుడిచి పెట్టండి. ఇంటికి రాగానే జిప్పు తెరిచి ఉంచండి. వారాల తరబడి వాడనప్పుడు సింబల్స్‌ను బ్యాగులో దాచవద్దు. కొత్త సింబల్‌తో వచ్చిన ప్లాస్టిక్ తొడుగును కూడా ఎక్కువకాలం ఉంచవద్దు, లోపల చేరిన తేమకు బయటికి దారి ఉండదు.

బ్యాగును వాషింగ్ మెషీన్‌లో వేయకండి, ఫోము ముద్దలు కడుతుంది. తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్క రుద్దండి.

ఇంటర్నెట్‌లో చూసి కొంటున్నాను. ఫొటోల్లో ఏం చూడాలి?

ముందువైపు ఫొటో ఎంత అందంగా ఉన్నా దాటేయండి. లోపలి ఫొటో, అడుగు ఫొటో ఉన్నాయా? లేకపోతే అమ్మేవారిని అడగండి. లోపలి కొలత, బ్యాగు బరువు, అరల సంఖ్య అడగండి. బ్యాగు బరువు మంచి ఆధారం. 22 అంగుళాల బ్యాగు కిలో కూడా లేదంటే అందులో ఫోము ఉందన్న మాట నమ్మనవసరం లేదు. కొన్నవారి అభిప్రాయాల్లో మొదటి వారంలో రాసిన పొగడ్తలు పక్కన పెట్టి, ఏడాది తర్వాత రాసినవి వెతకండి. పట్టీ, జిప్పు, అడుగు అనే మాటలు అక్కడ కనిపిస్తాయి.

ఇప్పుడే కొత్తది కొనలేను. ఉన్న పల్చని బ్యాగును బాగుచేసుకోవచ్చా?

చక్కగా చేసుకోవచ్చు. ఇంటిపట్టునే చేసుకునే పని. యోగా చాపను మూడు వేళ్ల వెడల్పు పట్టీగా కోసి, బ్యాగు అడుగు వంపులో రెండు పొరలుగా పరచండి. బ్యాగు మందంకంటే పట్టీ కాస్త వెడల్పు ఉంటే దానంతటదే ఇరుక్కుని కదలదు, జిగురు అక్కర్లేదు. జిగురు పూస్తే అది సింబల్‌కు అంటి మరక పడవచ్చు. పాత నూలు దిండు గలీబులు ఒక్కో సింబల్‌కు ఒక్కటి చొప్పున తొడగండి. మధ్యలో అట్టముక్కలు పెట్టే అలవాటు కొందరికి ఉంది. అట్ట తేమను పీల్చుకుంటుంది, ఒకటి రెండు రోజులకైతే సరే.

ఇలా సర్దుకున్న మామూలు బ్యాగు, అడుగున ఏమీ లేని ఖరీదైన బ్యాగు కంటే మెరుగ్గా పనిచేస్తుంది.

ఆర్కెస్ట్రాలో చేత్తో కొట్టే సింబల్స్‌కు కూడా ఇదే బ్యాగు వాడవచ్చా?

వాడవచ్చు. జతకు తోలు పట్టీలు ఉంటాయి కాబట్టి లోతు ఎక్కువ కావాలి, రెండింటికీ వేర్వేరు అరలు ఉండాలి. పట్టీని గుబ్బ లోపలికి మడిచి నొక్కిపెట్టకండి, ముడి దగ్గర తోలు విరుగుతుంది.

ఎలక్ట్రానిక్ డ్రమ్స్ సింబల్ ప్యాడ్లకు?

వాటి అంచు రబ్బరు, అది భయపడదు. తీగ గుచ్చే చోటు దెబ్బ తినకుండా చూసుకుంటే చాలు. ఏ మామూలు బ్యాగైనా సరిపోతుంది.

బ్యాగును ఎప్పుడు మార్చాలి?

ఆరు నెలలకోసారి ఖాళీ చేసి, లోపలివైపు బయటికి తిప్పగలిగినంత తిప్పి అడుగు వంపును చూడండి. అస్తరు మీద నల్లని గీత ఉంటే సింబల్ అక్కడ ఒరుసుకుంటోంది. ఇంకా సమయం ఉంది, పట్టీ ఒకటి వేస్తే సరిపోతుంది. అస్తరు చిరిగి ఫోము కనబడుతుంటే బ్యాగులు కుట్టేవారి దగ్గరికి తీసుకెళ్లండి, అడుగు మొత్తం మార్పించవచ్చు. ఫోములో లోతైన గాడి పడి, దానికింద బయటి గుడ్డ వేలికి తగులుతుంటే ఆ బ్యాగును ఆరోజే సింబల్స్ మోయడం మాన్పించండి. తీగలు, పెడల్, స్టూలు వేసుకోవడానికి ఇంకా చాలాకాలం పనికొస్తుంది.